వెనుక ఉన్నవి మరచి: గతాన్ని దేవుని చేతిలో పెట్టడానికి అడుగడుగునా ఒక మార్గదర్శి

2015 డిసెంబరు మొదటి వారంలో అడయారు నది పొంగి, చెన్నై సైదాపేటలో మేముండే ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. నీళ్లు తీశాక తిరిగొచ్చి బీరువా తెరిస్తే కింది అరలో ఉన్నవన్నీ బురద ముద్దలే. చీరల అడుగున ఒక పాత డైరీ ఉండేది. 2009లో మా నాన్న కట్టిన ఇల్లు అమ్మినప్పుడు నాకు రావాల్సిన వాటా మా అన్నయ్య ఇవ్వలేదు. ఆ లెక్క డైరీ చివరి పేజీలో రాసి పెట్టుకున్నాను. మొత్తం నాలుగు లక్షల ఎనభై వేలు. దాని కింద ‘అమ్మ గాజులు, రెండు జతలు’. ఇంకా కిందకి, ఏ రోజున నన్ను ఏ మాట అన్నాడో అదీ. నీలం ఇంకు కరిగి పేజీ అంతా ఒకటే మరక. ఒక్క అంకె కూడా కనబడలేదు.

ఆ రాత్రి కరెంటు లేదు. కొవ్వొత్తి వెలుగులో తడవని కాగితం ఒకటి వెతికి, ఆ లెక్క అంతా జ్ఞాపకం మీద మళ్లీ రాశాను. ఒక్క రూపాయి తేడా రాలేదు. ఇంట్లో బియ్యం లేవు, పిల్లల పుస్తకాలు పోయాయి, పరుపులు వీధిలో పారేశాం. అన్నిటికంటే ముందు నేను కాపాడుకున్నది ఆ లెక్క.

అప్పటికి నేను బాప్తిస్మం తీసుకుని ఇరవై ఏళ్లు దాటింది. ప్రతి నెలా ప్రభు బల్లలో చేయి వేస్తున్నాను. స్త్రీల కూడికలో క్షమాపణ గురించి వాక్యం కూడా చెప్పాను. అంటే వాక్యం తెలియక కాదు, తెలిసిన వాక్యాన్ని ఆ బీరువా అర దాకా తీసుకెళ్లడం చేతకాక అన్నేళ్లు గడిచాయి. ఆ తర్వాత నేను నడిచిన దారి, మా తెలుగు కూడికలోని కొందరు అక్కచెల్లెళ్లతో కలిసి మళ్లీ మళ్లీ నడిచిన దారి ఇది. అడుగుల వరుస మార్చకండి. నేను మార్చి చూశాను, మళ్లీ మొదటికే రావాల్సి వచ్చింది.

మొదలుపెట్టే ముందు: మరచిపోవడం అంటే ఏమిటి

బాధలో ఉన్నవాళ్లకి మనం అలవాటుగా చెప్పే మాట ఒకటుంది: ‘మర్చిపో అమ్మా, ప్రార్థన చేసుకో.’ చెప్పేవాళ్లు ప్రేమతోనే చెప్తారు. కానీ వినేవాళ్లకి ఇంకో బరువు పెరుగుతుంది. మరచిపోలేకపోతున్నానంటే నా విశ్వాసంలోనే ఏదో లోపముందని టెన్షన్ పడతారు.

యెషయా 43:18 చాలామందికి కంఠతా వచ్చు: “మునుపటివాటిని జ్ఞాపకము చేసికొనకుడి, పూర్వకాలపు సంగతులను తలంచుకొనకుడి.” దానికి ముందున్న రెండు వచనాలు కూడా చదవండి. సముద్రంలో త్రోవ కలుగజేసినవాడినని, రథాలను గుర్రాలను నడిపించి ఆర్పేసినవాడినని ఎర్రసముద్రం సంగతి దేవుడే గుర్తు చేస్తున్నాడు. మూడు అధ్యాయాలు దాటితే, 46:9లో, “చాల పూర్వమున జరిగినవాటిని జ్ఞాపకము చేసికొనుడి” అంటున్నాడు. ఒకే ప్రవక్త నోట రెండు మాటలూ ఉన్నాయి. కాబట్టి దేవుడు అడిగేది జ్ఞాపకశక్తి పోగొట్టుకోమని కాదు. జరిగిపోయిన దగ్గరే చూపు నిలిపేస్తే ఇప్పుడు మొలుస్తున్నది కనబడదు, ఆ చూపు తిప్పమని.

పౌలు “వెనుక ఉన్నవి మరచి” అన్నాడు (ఫిలిప్పీయులకు 3:13). అదే అధ్యాయంలో తన పుట్టుక, తెగ, పరిసయ్యుడినన్న సంగతి, సంఘాన్ని హింసించిన సంగతి వరసగా చెప్పాడు. ఏదీ మరచిపోలేదు. ఇంకో విషయం గమనించండి. ఆయన నష్టంగా ఎంచుకున్నవాటిలో ఎక్కువ భాగం గొప్పలే, గాయాలు కావు. “మా ఊళ్లో మేమంటే ఎంత పేరు” అని చెన్నై వచ్చి ముప్పై ఏళ్లయినా చెప్పుకునేవాళ్లం మనలో ఉన్నాం. అది కూడా వదలాల్సిన గతమే.

ఇక మా ఊరి సంగతి. సైదాపేటలో లోకల్ ట్రైన్ ఎక్కితే గిండీ తర్వాత వచ్చేది పరంగిమలై. అపొస్తలుడైన తోమా క్రీ.శ. 52లో మన దేశానికి వచ్చాడనీ, 72లో ఆ కొండ మీద బల్లెం పోటుకు చనిపోయాడనీ సంప్రదాయం. సైదాపేట పక్కనే చిన్నమలైలో ఆయన దాక్కున్నాడని చెప్పే గుహ ఉంది. ఇక్కడి పిల్లలకు ఈ కథ అమ్మమ్మలు చెప్తారు. ఆ తోమాకి యేసు ఏం చూపించాడు? “నీ వ్రేలు ఇటు చాచి నా చేతులు చూడుము” అన్నాడు (యోహాను 20:27). మరణాన్ని గెలిచి లేచిన శరీరం అది. మూసిన తలుపుల లోపలికి వచ్చిన శరీరం. ఆ శరీరం మీద మేకుల గుర్తులు, ప్రక్కలో పోటు గుర్తు అలాగే ఉన్నాయి. గాయాలు తుడిచేయడం తండ్రికి కష్టమా? ఉంచాడు. వాటిలో నొప్పి లేదు, పగ లేదు. వాటిని చూసే తోమా “నా ప్రభువా, నా దేవా” అన్నాడు.

మనం ప్రార్థించాల్సింది కూడా ఇందుకే. పుండు మానాలి, మచ్చ ఉంటే ఉండనీ.

మొదటి అడుగు: ఏ గతం? విడదీసి రాయండి

‘నా గతం’ అని ఒకే మూటగా మోస్తుంటాం. విప్పితే అందులో మూడు రకాలుంటాయి. నేను చేసినవి. నాకు చేసినవి. ఎవరూ చేయకపోయినా నేను పోగొట్టుకున్నవి: చావులు, జబ్బులు, నిలవని కడుపులు, తప్పిపోయిన ఉద్యోగం, వదిలి వచ్చిన ఊరు. ఒక్కోదానికి మందు వేరు. మీకు అన్యాయం జరిగిన చోట ‘ప్రభువా నన్ను క్షమించు’ అని ఎన్నిసార్లు ఏడ్చినా తెరిపి రాదు. తప్పు మీది కానప్పుడు దేనికి క్షమాపణ? అలాగే, మీరు ఇంకొకరిని ముంచిన చోట ‘నా గాయాలు మాన్పు’ అని అడిగితే అది తప్పించుకోవడమే అవుతుంది.

ఇంట్లో వాళ్లు లేవకముందు ఒక గంట తీసుకోండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. కాగితం మీద మూడు గడులు గీసి, గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు ఏ గడిలోదో ఆ గడిలో రాయండి. పొడవుగా అక్కర్లేదు. ‘2009, ఇల్లు’ అంటే నాకు చాలు. కొన్ని రెండు గడుల్లోనూ పడతాయి. నాకు అలాగే అయింది. అన్నయ్య డబ్బు ఇవ్వకపోవడం ఒక గడి. అమ్మ చివరి రోజుల్లో వాడి ముఖం చూడాల్సి వస్తుందని నేను ఊరికి వెళ్లకపోవడం ఇంకో గడి. ఆ రెండోది రాయడానికి నాకు పావుగంట పట్టింది. అసలు కుళ్లు అక్కడుంది.

రెండో అడుగు: దేవుని ముందు ఉన్నదున్నట్టు మాట్లాడండి

ఇక్కడే చాలామంది దూకేస్తారు. ‘క్షమించేశాను బ్రదర్, స్తోత్రం’ అని ఒక్క మాటతో ముగిస్తారు. మన కూడికల్లో సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది కదా, ముగింపు బాగుండాలని మనసులోనే సర్దేసుకుంటాం. కీర్తనలు అలా సర్దలేదు. “యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?” అని 13వ కీర్తన మొదలవుతుంది. 88వ కీర్తన మొరతో మొదలై చీకటిలోనే ఆగిపోతుంది, చివర్లో స్తుతి లేదు. అయినా అది పరిశుద్ధ గ్రంథంలోనే ఉంది. దేవుడు దాన్ని తీసెయ్యలేదు.

ఎలా చేయాలంటే: మీ కాగితంలో ఒక్క విషయమే తీసుకోండి. 13వ కీర్తన నెమ్మదిగా రెండుసార్లు చదవండి. ఆరే వచనాలు. తర్వాత మీ సొంత మాటల్లో, మీ ఇంటి తెలుగులో, ఆ విషయం గురించి దేవునికి చెప్పండి. ‘ప్రేమాస్వరూపియగు తండ్రీ’ అని గ్రాంథికంలో మొదలుపెట్టాల్సిన పని లేదు. నేను చెప్పిన మొదటి మాట, “నువ్వు చూస్తానే ఉన్నావు కదా, ఎందుకు ఊరుకున్నావు?” అలా అడిగినందుకు భయమేసింది. ఆ రాత్రే చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది. “నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడియున్నవి” అన్నాడు దావీదు (కీర్తన 56:8). ఒకరు లెక్క పెట్టుకున్నారని తెలిస్తే మనం పెట్టుకునే లెక్క మీద పట్టు కొంచెం సడలుతుంది.

ఇరవై నిమిషాలు చాలు. రోజూ ఒక్క విషయం. ఒక వారం ఇదే చేయండి, తొందరపడి ముందుకు వెళ్లకండి.

ఒక జాగ్రత్త. చిన్నప్పుడు జరిగిన హింస, లైంగిక వేధింపు, కళ్లముందు జరిగిన చావు లాంటివైతే ఒంటరిగా తవ్వకండి. నిద్ర లేకపోవడం, ఉలిక్కిపడడం, చచ్చిపోవాలనిపించడం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో కూడా మాట్లాడతారు. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. లూకా వైద్యుడు, పౌలు ఆయన్ని “ప్రియుడైన వైద్యుడు” అన్నాడు.

మూడో అడుగు: మీరు చేసినవాటికి – ఒప్పుకోలు, తిరిగి చెల్లింపు

“నేను మౌనినై యుండగా… నా యెముకలు క్షీణించినవి” అని 32వ కీర్తన. దాచిన పాపం ఒంట్లోకే దిగుతుందని దావీదుకి తెలుసు. దానికి 1 యోహాను 1:9 ఇచ్చే మాట సూటిగా ఉంది: మన పాపములను మనము ఒప్పుకొనినయెడల ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక క్షమించును. ఒప్పుకోవడం అంటే పేరు పెట్టి చెప్పడం. ‘తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ’ అన్నది ఒప్పుకోలు కాదు. ‘అమ్మ పిలిచినా నేను వెళ్లలేదు, పగ వల్ల వెళ్లలేదు’ అన్నది ఒప్పుకోలు.

పేతురు దగ్గర నాకెంతో ఓదార్పు దొరికింది. ప్రధానయాజకుని ముంగిట చలి కాచుకుంటూ, మంట దగ్గర నిలబడి యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకాడు (యోహాను 18). తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున యేసు నిప్పులు రాజేసి చేపలు కాల్చి పెట్టాడు (యోహాను 21:9). మన తెలుగు బైబిల్లో ఒక చోట ‘మంట’, ఒక చోట ‘నిప్పులు’ అని ఉంది గానీ గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట, బొగ్గుల మంట. కొత్త నిబంధనలో ఆ మాట ఈ రెండు చోట్లే వస్తుంది. అదే వాసన, అదే వేడి. మూడుసార్లు బొంకినవాణ్ణి మూడుసార్లు అడిగాడు, “నన్ను ప్రేమించుచున్నావా?” ఆ రాత్రి సంగతి ఎత్తి దెప్పలేదు, ఆ రాత్రి జరగనట్టు నటించనూ లేదు. పేతురుని అదే మంట దగ్గరికి మళ్లీ తీసుకొచ్చి, అక్కడే పని అప్పగించాడు. యేసుని అప్పగించిన ఇస్కరియోతు యూదా కూడా పశ్చాత్తాపపడ్డాడు, వెండి నాణాలు తిరిగి పారేశాడు. కానీ యేసు దగ్గరికి రాలేదు. 2 కొరింథీయులకు 7:10లో పౌలు చెప్పిన రెండు దుఃఖాల తేడా ఇదే. ఒకటి మారుమనస్సుకి తీసుకెళ్తుంది, ఇంకొకటి మరణానికి.

ఒప్పుకున్నాక చెల్లించాల్సింది చెల్లించాలి. జక్కయ్య “నాలుగంతలు మరల చెల్లింతును” అన్నాడు. ఎవరి దగ్గరైనా డబ్బు తీసుకుని ఎగ్గొట్టారా, వాయిదాల మీదైనా ఇవ్వండి. ఎవరి మీదైనా లేనిపోనిది చెప్పారా, ఎవరికి చెప్పారో వాళ్ల దగ్గరికే వెళ్లి ‘అది నిజం కాదు’ అనండి. మనిషి బతికి లేకపోతే? మా అమ్మ లేదు. ఆమె పేరు మీద మా వీధి చివర ఒంటరిగా ఉండే ముసలావిడకి ఆదివారం అన్నం తీసుకెళ్లడం మొదలుపెట్టాను. దానితో చెల్లిపోయిందని కాదు, చేతులకు ఏదో ఒక పని కావాలి.

ఒక్క సందర్భంలో వెళ్లొద్దు: మీరు వెళ్లి క్షమాపణ అడగడం వల్ల వాళ్ల సంసారమో, ప్రశాంతతో చెడుతుందనుకుంటే. మీ గుండె తేలిక కోసం వాళ్ల మీద బరువు పెట్టకండి.

తర్వాత కూడా లోపల ఒక గొంతు అంటూనే ఉంటుంది, ‘నీలాంటిదానికి క్షమాపణా?’ అని. దానితో వాదించకండి. కొలొస్సయులకు 2:14 తెరిచి పైకి చదవండి. మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని మేకులతో సిలువకు కొట్టి, దాని మీది చేవ్రాతను తుడిచివేశాడని ఉంది. ఋణపత్రం అంటే మనకి బాగా తెలిసిన ప్రోనోటే. అప్పు తీరిన ప్రోనోటు పట్టుకుని ఎవడైనా గుమ్మంలోకి వస్తే మనం కూర్చోబెట్టి కాఫీ ఇస్తామా?

ఈ మధ్య వంశ పాపాలు, తాతల శాపాలు అని భయపెట్టి ప్రత్యేక ప్రార్థనలకు పిలిచేవాళ్లు ఎక్కువయ్యారు. దయచేసి యెహెజ్కేలు 18 మొత్తం చదవండి. తండ్రి దోషశిక్షను కొడుకు మోయడని దేవుడు ఆ అధ్యాయమంతా పట్టుబట్టి చెప్పాడు.

నాలుగో అడుగు: మీకు చేసినవాటికి – బాకీ చెల్లు రాయడం

ఇది పెద్ద అడుగు. ఇక్కడ నెలలు పట్టొచ్చు.

పేతురు ఏడుసార్లు చాలా అని అడిగితే యేసు “డెబ్బది ఏళ్ల మారుల మట్టుకు” అన్నాడు (మత్తయి 18:22). మా అత్తగారు దీన్ని డెబ్బై సంవత్సరాలు అనుకునేది. ‘ఇంక నేను అన్నాళ్లు బతకను గదా’ అని కళ్లనీళ్లు పెట్టుకునేది. ఇక్కడ ‘ఏళ్లు’ అంటే సంవత్సరాలు కాదు, ఎక్కంలో ‘ఏడేళ్లు నలభైతొమ్మిది’ అంటాం చూడండి, ఆ ఏళ్లు. డెబ్బై ఏళ్లు నాలుగు వందల తొంభై. లెక్కపెట్టడం మానేసేంత అని అర్థం. ఒకే తప్పుని కూడా అన్నిసార్లు క్షమించాల్సి వస్తుందని నాకు అనుభవం మీద తెలిసింది. గుర్తొచ్చిన ప్రతిసారీ ఒకటి.

ఆ తర్వాతి ఉపమానంలో లెక్క చూడండి. రాజు తన దాసుడికి క్షమించిన అప్పు పదివేల తలాంతులు. ఒక తలాంతు దాదాపు ఆరు వేల దేనారాలు, ఒక దేనారం ఒక రోజు కూలి. అంటే ఆరు కోట్ల రోజుల కూలి, ఎన్ని జన్మలెత్తినా తీరదు. ఆ దాసుడికి తోటివాడు ఇవ్వాల్సింది నూరు దేనారాలు. మనం తరచూ ‘అది చిల్లర’ అని చెప్పేస్తాం. కాదు. నూరు రోజుల కూలి అంటే ఒక కూలి కుటుంబానికి మూడు నెలల పైన తిండి. మీకు జరిగింది చిన్నదని యేసు అనలేదు. నా నాలుగు లక్షల ఎనభై వేలు నిజమైన డబ్బే, నా కూతురి కాలేజీ ఫీజు డబ్బు. అది నిజమైన బాకీ అని ఒప్పుకున్నాకే దాన్ని చెల్లు వేయగలిగాను. బాకీ లేదనుకుంటే చెల్లు వేయడానికి ఏముంటుంది?

ఇలా చేయండి. కాగితం మీద మనిషి పేరు, చేసిన పని, దాని వల్ల మీకు పోయింది, మూడూ రాయండి. పైకి చదవండి. తర్వాత రోమీయులకు 12:19 చదవండి: “పగతీర్చుట నా పని.” ఆ తర్వాత ఇలాంటి ప్రార్థన మీ మాటల్లో: “ప్రభువా, ఫలానావాడు నాకు ఇది బాకీ. ఇది నిజం. ఈ బాకీ వసూలు చేసే హక్కు ఈ రోజు నీకు రాసిస్తున్నాను. వాడికి ఏం చేయాలో నీకు తెలుసు.” అప్పుడు కాగితం మీద అడ్డంగా ‘చెల్లు’ అని రాసి తేదీ వేయండి. వరదలో తిరిగి రాసిన ఆ కాగితం మీద నేను చెల్లు రాసింది 2017 మార్చిలో. చెయ్యి వణికి ‘ల్లు’ వంకర పోయింది.

మర్నాడు గిన్నెలు తోముతుంటే మళ్లీ కోపం వచ్చింది. ఏమీ మారలేదా అని ఏడుపొచ్చింది. మారింది. అంతకు ముందు ఆ కోపంతో పూట గడిపేదాన్ని, ఆ రోజు ‘చెల్లు రాశాను కదా’ అని చేతులు తుడుచుకుని లేచాను.

ఇప్పుడు క్షమాపణ కానివాటి సంగతి. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే, ఎందుకంటే మన ఆడపిల్లలు దీని వల్ల చాలా నష్టపోయారు. క్షమించడం వేరు, మళ్లీ నమ్మడం వేరు. అన్నలు అమ్మేసిన యోసేపుని చూడండి. తనకు పుట్టిన మొదటి కొడుక్కి మనష్షే అని పేరు పెట్టాడు, దేవుడు నా బాధ అంతా మరచిపోయేలా చేశాడని (ఆదికాండము 41:51). పేరు పెట్టి పిలుస్తున్న ప్రతిసారీ ‘మరుపు, మరుపు’ అంటున్నట్టే. అయినా అన్నలు ధాన్యం కోసం వచ్చినప్పుడు లోపలి గదిలోకి వెళ్లి ఏడ్చాడు. ఒకసారి కాదు, పలుసార్లు. వెంటనే ‘నేనే యోసేపుని’ అనలేదు. వాళ్లు మారారో లేదో చూశాడు. తమ్ముడు బెన్యామీను బదులు నేనుంటానని అన్నల్లో ఒకడైన యూదా ముందుకొచ్చాకే గుట్టు విప్పాడు. క్షమాపణ ఒక్కరి చేతిలో ఉంటుంది, సమాధానపడడానికి ఇద్దరు కావాలి. అందుకే పౌలు “శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు” అని హద్దు పెట్టాడు.

కొట్టే భర్తను క్షమించడం అంటే ఆ ఇంటికి మళ్లీ వెళ్లి దెబ్బలు తినడం కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, ప్రాణం మీదకొస్తే 112. కేసు పెట్టడం కూడా క్షమాపణకి విరుద్ధం కాదు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టించి చెరలో వేసిన అధికారులు, తెల్లారాక రహస్యంగా పంపించేద్దామని చూస్తే పౌలు కదలలేదు. వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలన్నాడు (అపొస్తలుల కార్యములు 16:37). ఎవరైనా సేవకుడు ‘సహించమ్మా, సిలువ మోయి’ అని తిప్పి పంపితే ఇంకో సేవకుణ్ణి వెతుక్కోండి.

ఐదో అడుగు: పోయినవాటికి ఏడవండి, కొమ్ము నింపుకోండి

“నిరీక్షణలేని ఇతరులవలె” దుఃఖపడొద్దని ఉంది (1 థెస్సలొనీకయులకు 4:13). అసలు దుఃఖపడొద్దని లేదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు. సమాధి దగ్గర ఏడిస్తే సాక్ష్యం పోతుందని ఎవరైనా అంటే వినకండి.

అయితే దుఃఖానికి కూడా ఒక మలుపు ఉంది. రాజుగా తోసివేయబడిన సౌలు గురించి ఎంతకాలం దుఃఖిస్తావని దేవుడు సమూయేలు ప్రవక్తని అడిగి, కొత్త రాజుని అభిషేకించడానికి కొమ్ము తైలంతో నింపుకుని బేత్లెహేముకి వెళ్లమన్నాడు (1 సమూయేలు 16:1). దుఃఖం ఆరిపోయాక వెళ్లమనలేదు. ఇంకా బాధలో, భయంలో ఉండగానే బయల్దేరమన్నాడు. ఊరు వదిలి ఇక్కడికొచ్చి, పదేళ్లయినా ‘ఇది మన ఊరు కాదు’ అని అరవం కూడా నేర్చుకోకుండా, పక్కింటి తలుపు తట్టకుండా బతికే మన తెలుగు కుటుంబాలకు యిర్మీయా 29 చదవమని చెప్తాను. పరాయి పట్టణంలో ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అని చెరలో ఉన్నవాళ్లకి దేవుడు ఉత్తరం రాయించాడు. మా మేడ మీద రెండు కరివేపాకు మొక్కలు, ఒక మల్లె తీగ ఆ అధ్యాయం చదివాక పెట్టినవే.

ఆరో అడుగు: ఒక్క మనిషికి చెప్పండి

యాకోబు 5:16 ఒకనితోనొకడు ఒప్పుకోమంది, స్వస్థత పొందేలా. పదిమందికి కాదు. వాట్సాప్ ప్రార్థన గ్రూపులో అసలే వద్దు, అక్కడ పెట్టిన మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. ఎవరికి చెప్పాలి? ఇతరుల గుట్టు మీ దగ్గర ఎప్పుడూ విప్పని మనిషికి. ఆడవాళ్లు ఆడవాళ్లకే చెప్పుకోవడం మంచిది. నేను మా పాస్టరమ్మగారికి చెప్పాను. ఆవిడ వాక్యం చెప్పలేదు, సలహా ఇవ్వలేదు. కాగితం చదివి, మడిచి, నా చేతిలో పెట్టి “ఇంత మోశావా తల్లీ” అంది. అంతే.

ఏడో అడుగు: గుర్తొచ్చినప్పుడల్లా

మన్నా ఏ రోజుది ఆ రోజే, దాచుకుంటే పురుగు పట్టింది. ఇదీ అంతే. నిన్నటి క్షమాపణ ఈ రోజు కోపానికి సరిపోదు. “అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది” అని విలాపవాక్యములు 3లో ఉంది. ఆ మాట రాసినవాడు అంతకు ముందు తన శ్రమను, దురవస్థను తలుచుకుని కుంగిపోతున్నానన్నాడు. జ్ఞాపకం వచ్చింది, దాని వెనకే ఇంకో జ్ఞాపకాన్ని తెచ్చుకున్నాడు. మీరూ ఒక్క వచనం సిద్ధంగా పెట్టుకోండి, బస్సులో నిలబడి కూడా అనుకోగలిగేంత చిన్నది. నాది రోమీయులకు 8:1, క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదన్న మాట. రాత్రి రెండింటికి మెలకువ వస్తే పడుకుని దొర్లకండి. లేచి కూర్చుని, నీళ్లు తాగి, ఆ వచనం పైకి చెప్పి, ఆ మనిషి పేరెత్తి ఒక్క మేలు అడగండి. మొదట్లో నోరు రాదు. ‘వాడి మోకాళ్ల నొప్పి తగ్గించు’ అన్నది నా మొదటి ప్రార్థన, అది అనడానికి మూడు రాత్రులు పట్టింది.

నెలకోసారి ప్రభు బల్లకు ముందు రోజు ఆ కాగితం తీసి చూసుకోండి. “తన్ను తాను పరీక్షించుకొనవలెను” అన్న మాటకి అదొక మంచి పద్ధతి. చెల్లు రాసినదాని కింద మళ్లీ కొత్త లెక్క మొదలుపెట్టానా అని చూసుకోవాలి. నేను రెండుసార్లు మొదలుపెట్టాను. కొట్టేసి మళ్లీ తేదీ వేశాను.

పోయిన వేసవిలో అన్నయ్య కంటి ఆపరేషన్‌కి చెన్నై వచ్చి మా ఇంట్లో పది రోజులున్నాడు. డబ్బు సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా అమ్మాయి ఏదో అప్పుకి వాడి పూచీ అడుగుదామంటే వద్దన్నాను. ఆ నమ్మకం ఇంకా రాలేదు, దేవుని ముందు ఆ మాట దాచను. రోజూ కంట్లో చుక్కలు నేనే వేశాను. తిరిగి వెళ్లే రోజు మాధవరం బస్టాండులో నెల్లూరు బస్సు ఎక్కించాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు స్టార్ట్ చేశాక కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, “చెల్లీ, నీకు నేను ఇయ్యాల్సింది…” అన్నాడు. తర్వాత మాట రాలేదు.

ఆ చెయ్యి పట్టుకుని, “చేరినాక ఫోన్ చెయ్యన్నా. చుక్కలు మూడు పూటలా మర్చిపోకుండా వేసుకో” అన్నాను.